ఐసీయూ నుంచి ఇంటికి వచ్చిన రోగికి ఇంటివాళ్లే నర్సులు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు ఊళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే కొందరు బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికి, కొందరు శ్రీకాకుళానికి, మరికొందరు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకుపోతారు. వెంటిలేటర్ తీసి, వార్డులో నాలుగు రోజులు ఉంచి ఇంటికి పంపగానే గండం గడిచిందనుకుంటాం. అయితే ఐసీయూలో పడుకున్న శరీరం లోపల్లోపల కరిగిపోయి ఉంటుంది. లండన్ వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలన ప్రకారం పది రోజుల్లోనే తొడ కండరం సుమారు 18 శాతం తగ్గింది. ఈ నీరసానికి మతిమరుపు, నిద్రలేమి, దిగులు కూడా తోడైతే దాన్ని వైద్యులు పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటారు. ఇది రోగి బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు.

డిశ్చార్జి రోజునే ఒక నోటుబుక్కు కొనండి. సిస్టరు ఒడియాలో చెప్పిన జాగ్రత్తలను అక్కడికక్కడే తెలుగులో రాసుకుని, రాసింది సరిగా ఉందో లేదో తిరిగి అడగండి. ప్రతి మందు ఎందుకు, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపాలి అన్నవి తప్పక అడగాలి. ముఖ్యంగా ఐసీయూలో మొదలుపెట్టిన గ్యాస్ మాత్రలు, కలవరింతలు తగ్గడానికి ఇచ్చిన నిద్రమందులు అవసరం తీరాక కూడా చీటీలో అలాగే కొనసాగడం తరచుగా జరుగుతుంది. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపకండి. కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించుకుంటే, ఆంధ్ర వైపు పాతపట్నం దాటాక మందుల షాపులో అదే కంపెనీది దొరకకపోయినా ఇబ్బంది ఉండదు.

ఇంట్లో మొదట మార్చవలసింది మంచం. కుంగిన నులక మంచంలో నుంచి బలహీనుడు లేవలేడు, నడుముకింద ఒత్తిడీ ఎక్కువవుతుంది. గట్టి పరుపున్న చెక్క మంచం మేలు. కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతూ, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పరవాలేదు. ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలవుతున్నట్టే కనుక అక్కడ నూనెతో మర్దన చేయకుండా ఆ వైపు బరువు పడనీయకండి. చర్మం నల్లగా ఉన్నవారిలో ఎరుపు కనబడదు, ఆ చోటు వెచ్చగానో గట్టిగానో తగులుతుంది.

లేపడంలోనే చాలామంది తొందరపడతారు. మొదట రోగిని పక్కకు తిప్పి, కాళ్లు మంచం దిగేలా చేసి, భుజం కింద ఆసరా ఇచ్చి కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. రెండు నిమిషాలు అలాగే ఉంచి, తల తిరుగుతోందా, చెమట పడుతోందా అని అడిగి, లేదంటేనే నిలబెట్టాలి. చంకల్లో చేతులు వేసి లాగితే భుజం కీలు దెబ్బతింటుంది, అందుకే ఎదురుగా నిలబడి నడుము దగ్గర పట్టుకోవాలి. మొదటిరోజు కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే చాలు. మర్నాడు వసారా వరకు, ఆ తర్వాత వీధిగుమ్మం వరకు వెళ్లనివ్వండి. "లేవకు నాయనా, పడుకో" అనే ప్రేమే ఇక్కడ చెరుపు చేస్తుంది.

ఐసీయూలో గొంతులో ట్యూబు వేసి తీసినవారికి మింగడం కొన్నాళ్లు కుదురుగా ఉండదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో పెడుతూ, మింగాక ఒక మాట పలికించండి. గొంతు నీళ్లు గరగరలాడినట్టు వినిపిస్తే, దగ్గు వస్తే, తినిపించడం ఆపి డాక్టరుకు చెప్పాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. పథ్యమని వట్టి గంజితో సరిపెట్టడం నాకు నచ్చదు. పోయిన కండ తిరిగి రావాలంటే గుడ్డు, పప్పు, చేప, పెరుగు కావాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ అదొక్కటే చాలదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

రాత్రిళ్లు ఉలిక్కిపడి, తనను కట్టేశారనో ఎవరో చంపబోయారనో చెబితే వెక్కిరించవద్దు. ఐసీయూలో ఒంటిమీద గొట్టాలు, చుట్టూ తెలియని భాష ఉండగా మనసు అల్లుకున్న కథ అది. ఏ రోజు చేర్చారో, ఏ రోజు ట్యూబు తీశారో నోటుబుక్కులో తేదీలతో రాసి, అడిగినప్పుడు చదివి వినిపిస్తే జ్ఞాపకంలోని ఖాళీలు నిండుతాయి. పొద్దున్నే తేదీ, వారం చెప్పండి. జ్ఞాపకం పదునెక్కడానికి అష్టాచెమ్మా, సంత లెక్కలు పనికొస్తాయి. చూడవచ్చే బంధువులను మాత్రం ఒక్కరొక్కరుగా రానివ్వండి.

కూర్చున్నా ఆయాసం పెరగడం, ఊపిరి పీల్చేటప్పుడు ఈల వంటి శబ్దం, ఒక కాలి పిక్క మాత్రమే వాచడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, హఠాత్తుగా తికమక పడటం, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది కనబడినా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది.

ఐసీయూ నుంచి బయటపడ్డాక రెండు మూడు నెలలు గడిచేసరికి ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించాలి. అప్పటికి మిమ్మల్ని కూడా నిద్రలేమి, దిగులు పట్టుకుని ఉంటే దాన్నీ అదే డాక్టరుకు చెప్పండి. వెళ్లేటప్పుడు నోటుబుక్కు వెంట ఉండాలి.