ఓరుగల్లు ముట్టడి సినారియో: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే కంప్యూటర్ యుద్ధ గేమ్‌లో సినారియో ఎడిటర్ (సొంత మ్యాప్, సొంత కథ కట్టుకునే భాగం) తెరిచి, కాకతీయుల ఓరుగల్లును కట్టుకుందామనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. నేను ఎంచుకున్న ఘట్టం 1310 నాటి ముట్టడి. 1309 చివర్లో ఢిల్లీ నుంచి బయల్దేరిన సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ 1310 జనవరిలో ఓరుగల్లు చేరాడు. బయటి మట్టికోట పడ్డాక ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చాడు. రాజ్యం మాత్రం మిగిలింది. అది పోయింది 1323లో. ఈ రెండు ముట్టడులనూ ఒకటిగా కలిపేయకండి.

మొదలుపెట్టే ముందు ఒక అలవాటు చేసుకోండి. ట్రిగ్గర్ అంటే ‘ఇది జరిగితే (కండిషన్) అది చేయి (ఎఫెక్ట్)’ అని గేమ్‌కి రాసిపెట్టే ఆజ్ఞ. ప్రతి ట్రిగ్గర్‌లోనూ ఒక సెండ్ చాట్ ఎఫెక్ట్ పెట్టి అందులో ఆ ట్రిగ్గర్ పేరే రాయండి. టెస్ట్ చేసేటప్పుడు ఏది నడిచింది, ఏది నడవలేదు అన్నది స్క్రీన్ మీదే తెలిసిపోతుంది. ఇది లేకపోతే మిగతాదంతా చీకట్లో వెతుకులాటే.

ఆట మొదలవగానే ఢిల్లీ ఓడిపోయినట్టు వస్తోంది

ఢిల్లీ సైన్యాన్ని తర్వాత ట్రిగ్గర్‌తో దించుదామని మ్యాప్ మీద వాళ్ల మనిషిని ఒక్కణ్నీ పెట్టలేదన్నమాట. ఏమీ లేని ఆటగాడిని గేమ్ ఓడినవాడిగానే లెక్కేస్తుంది. మ్యాప్ మూలన ఢిల్లీ సైనికుణ్ని ఒకణ్ని నిలబెట్టి, చుట్టూ చెట్లు నాటేయండి. వాడు ఎక్కడికీ పోడు, వాడి దగ్గరికి ఎవరూ రారు. గ్లోబల్ విక్టరీని కూడా కస్టమ్‌కి మార్చండి. గెలుపోటములు మీ ట్రిగ్గర్లే చెప్పాలి.

సైన్యం దిగింది గానీ కదలడం లేదు

దీనికి కారణాలు రెండు మూడు ఉంటాయి. మొదట చూడాల్సింది టాస్క్ ఆబ్జెక్ట్, అంటే సైనికులకు కదలమనో కొట్టమనో ఆజ్ఞ ఇచ్చే ఎఫెక్ట్. క్రియేట్ ఆబ్జెక్ట్‌తో పుట్టే సైనికులు ఎడిటర్‌లో ఇంకా లేరు కాబట్టి వాళ్లను ఒక్కొక్కరిగా క్లిక్ చేసి ఎంచుకోవడం కుదరదు. వాళ్లు దిగే చోటు చుట్టూ ఏరియా గీసి, ఆ ఏరియాలో ఉన్న ఢిల్లీ వాళ్లందరికీ ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఆజ్ఞను విడి ట్రిగ్గర్‌లో రెండు సెకన్ల టైమర్ తర్వాత పెడితే ఇంకా భద్రం.

అదీ సరిగ్గానే ఉంటే కందకం చూడండి. కోట చుట్టూ నీళ్లు ఎక్కడా తెగకుండా గీసేసి ఉంటారు. నేల మీద నడిచేవాళ్లకు దారే లేనప్పుడు వాళ్లేం చేస్తారు, నిలబడిపోతారు. గేట్ల ముందు నేల వదలండి. ఇంకో చోట నాలుగైదు టైల్స్ (మ్యాప్ గళ్లు) మేర షాలోస్, అంటే నడిచి దాటగల లోతు తక్కువ నీళ్లు, వేయండి. ముట్టడిలో కందకాన్ని పూడ్చిన చోటు అదే అనుకోవచ్చు.

సైనికులు అసలు పుట్టకపోతే, క్రియేట్ ఆబ్జెక్ట్‌లో ఇచ్చిన చోట చెట్టో గోడో ఉందేమో చూసుకోండి.

దేవగిరి వాళ్లు దారిలోనే ఢిల్లీ సైన్యం మీద పడుతున్నారు

డిప్లొమసీ సెట్ చేయలేదు. యాదవ రామచంద్రుడు అప్పటికి ఢిల్లీకి సామంతుడు, ఈ దండయాత్రకు సాయం చేసినవాడు. దేవగిరి నుంచి ఢిల్లీకి అలై (మిత్రుడు), ఢిల్లీ నుంచి దేవగిరికి అలై, రెండూ పెట్టాలి. ఒక వైపే పెడితే పని సగమే అయినట్టు. మీ పక్షాన ఉండే నాయకులను వేరే ఆటగాడిగా పెట్టినా ఇదే సంగతి. లేదంటే మన కోట గేటు దగ్గర మనవాళ్లే ఆగిపోతారు.

మట్టికోట రెండు నిమిషాల్లో కూలిపోతోంది

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సిన చోటు ఇదే. నాకు మనసుకు పట్టిన చోటు కూడా.

మట్టిగోడ కదా అని చాలామంది పాలిసేడ్ కంచె వేస్తారు. అది కర్ర కంచె, గోడలు గుద్ది పగలగొట్టే యంత్రం ర్యామ్ ఒక్కదానికి కూడా ఆగదు. ఓరుగల్లు మట్టికోట అలాంటిది కాదు. ఇవాళ వెళ్లి చూసినా అది గోడలా ఉండదు, గడ్డి మొలిచిన పొడవాటి గుట్టలా ఉంటుంది. ఆ కాలపు ఢిల్లీ ఆస్థాన కవి వర్ణనలోనైతే, మంజనీకు (రాళ్లు విసిరే యంత్రం) విసిరిన రాయి ఆ మట్టికి తగిలి పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరిపడుతుంది. రాతికోట కంటే మట్టికోట అలుసు అనే లెక్కతో కడితే ముట్టడి కథే పోతుంది.

కొలతలతో మొదలుపెట్టండి. మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు, లోపలి రాతికోటది సుమారు 1.2 కిలోమీటర్లు. ఒక టైల్‌ని 20 మీటర్లు అనుకుంటే బయటి వలయం 120 టైల్స్, లోపలిది 60. నార్మల్ సైజు మ్యాప్ 200 టైల్స్ కాబట్టి కోట చక్కగా పట్టి, సైన్యం విడిదికీ హనుమకొండ గుట్టకూ చోటు మిగులుతుంది.

తర్వాత బయటి వలయం పొడవునా నేలను ఒకటి రెండు మెట్లు ఎత్తు చేసి, ఆ ఎత్తు మీద స్టోన్ వాల్ వేయండి. ఈ గేమ్‌లో ఎత్తు నుంచి కొట్టేవాడి దెబ్బ 25 శాతం పెరుగుతుంది, పల్లం నుంచి కొట్టేవాడిది 25 శాతం తగ్గుతుంది. గుట్ట చేయాల్సిన పని గుట్ట చేస్తుంది. గేట్లు పెట్టే నాలుగు చోట్లా నేల చదునుగా ఉంచండి.

లోపలి వలయానికి ఫోర్టిఫైడ్ వాల్ వాడండి. రెండు వలయాలకూ వేర్వేరు గోడలు ఎందుకంటే, చేంజ్ ఆబ్జెక్ట్ హెచ్‌పీ (దెబ్బలు తట్టుకునే బలాన్ని మార్చే) ఎఫెక్ట్‌లో గోడ రకాన్ని ఎంచుకుని బయటివాటి బలం మాత్రమే పెంచుకోవచ్చు. ఆ ట్రిగ్గర్ ఆట మొదట్లో ఒక్కసారే నడవాలి. లూపింగ్ (ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ నడవడం) ఆన్‌లో ఉండి, ఎఫెక్ట్ యాడ్ మీద ఉంటే గోడలు ఎప్పటికీ కూలవు. ఫోర్టిఫైడ్ వాల్ రీసెర్చ్‌ని మీ ఆటగాడికి డిసేబుల్ చేయడం మర్చిపోవద్దు. అది పూర్తయితే బయటి స్టోన్ వాల్స్ కూడా రకం మారిపోయి, రెండు వలయాలకూ తేడా ఉండదు.

శత్రువు గేటు పగలగొట్టి నేరుగా లోపలికి దూసుకొస్తుంటే గేటు ఆకారం తప్పు. ఓరుగల్లు ద్వారాల్లో దారి తిన్నగా పోదు, లోపలికి వెళ్లి మలుపు తిరుగుతుంది. ఆ మలుపును గోడలతో ఎల్ ఆకారంలో కట్టి, రెండు కొసలా రెండు గేట్లు పెట్టండి. మలుపులో చిక్కినవాళ్ల మీద రెండు వైపుల నుంచీ బాణాలు వేయొచ్చు. ఇది ఒక్కటి సరిగ్గా కుదిరితే ఆట రూపమే మారిపోతుంది.

శత్రువు ఇంకా గోడ బయటే ఉన్నాడు, సంధి మొదలైపోయింది

మట్టికోట పడిందని తెలుసుకోవడానికి ఆబ్జెక్ట్స్ ఇన్ ఏరియా కండిషన్ వాడతాం: కోట లోపల ఢిల్లీ సైనికులు 20 మంది ఉంటే సంధి ట్రిగ్గర్ నడవాలి. చిక్కేమిటంటే ఏరియా ఎప్పుడూ చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో ఉంటుంది, కోటేమో గుండ్రం. 120 టైల్స్ వలయం చుట్టూ 120 బై 120 ఏరియా గీస్తే నాలుగు మూలలూ గోడ బయటికి వస్తాయి. ఆ ఏరియాలో ఐదో వంతుకు పైగా బయటి నేలే. సైన్యం ఆ మూలన విడిది చేసినా, లోపలికి వచ్చేసిందని ట్రిగ్గర్ అనుకుంటుంది.

వలయం లోపల పట్టే చతురస్రం గీయండి. 120 టైల్స్ వలయంలో దాని భుజం సుమారు 85 టైల్స్. లోపలి రాతికోట అందులో పూర్తిగా ఇముడుతుంది. గేటు దిక్కున చూస్తే, శత్రువు మట్టిగోడ దాటి 17 టైల్స్ లోపలికి వచ్చాక గానీ లెక్కలోకి రాడు. చరిత్రలో సంధి మాట వచ్చింది కూడా ఢిల్లీ సైన్యం ఈ రెండు గోడల మధ్య ఉన్నప్పుడే.

సంధి అయ్యాక కూడా కొట్టుకుంటూనే ఉన్నారు

ఇదీ ఒక వైపు డిప్లొమసీ సమస్యే. చేంజ్ డిప్లొమసీ రెండు సార్లు పెట్టాలి, రెండు దిక్కులా. ఆ వెంటనే ఢిల్లీ వాళ్లను టాస్క్ ఆబ్జెక్ట్‌తో ఉత్తరం వైపు నడిపించండి. అప్పటికే కత్తులు దూసుకున్నవాళ్లు దూరం జరిగితేనే గొడవ ఆగుతుంది.

సంధికి బంగారం ఇవ్వాలి కాబట్టి ట్రిబ్యూట్ ఎఫెక్ట్‌కు (ధనం అవతలివాడికి చేర్చేది) తోడు అక్యుములేట్ ఆట్రిబ్యూట్ కండిషన్ (ఇంత బంగారం జమ అయ్యిందా అని చూసేది) కూడా పెడతారు. అక్కడ ఇంకో గుంట ఉంది. ఆటగాడు ఖజానా మొత్తం బురుజుల మీద ఖర్చు పెట్టేసి ఉంటే ఆ కండిషన్ ఎప్పటికీ నెరవేరదు, ఆట గాలిలో వేలాడుతుంది. కాబట్టి రెండో ట్రిగ్గర్ ఒకటి ఉండాలి: శత్రువు లోపలికి వచ్చాక ఇంత సమయంలో బంగారం జమ కాకపోతే రాతికోట మీద ఆఖరి దాడి.

ఆ రెండో ట్రిగ్గర్‌ని మొదట ఆఫ్‌లో ఉంచి, గోడ పడ్డాక యాక్టివేట్ చేయండి. టైమర్ లెక్క ట్రిగ్గర్ ఆన్ అయిన క్షణం నుంచి మొదలవుతుంది. మొదటి నుంచీ ఆన్‌లో ఉంటే, గోడ పడేసరికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పైగా టైమర్ సెకన్లు ఆటలోని సెకన్లు, మన గడియారంవి కావు. నార్మల్ స్పీడ్ 1.7 రెట్లు కాబట్టి 600 అని పెడితే మనకు ఆరు నిమిషాల్లోపే అయిపోతుంది.

అన్నీ పనిచేస్తున్నాయి, కానీ ఓరుగల్లులా అనిపించడం లేదు

కాకతీయులకు గేమ్‌లోని ద్రవిడియన్స్ నాగరికతని ఇస్తే ఉరుమి సైనికులు వస్తారు. ఉరుమి కేరళ కళరి ఆయుధం, ఓరుగల్లు సైన్యానికి అతకదు. డిసేబుల్ చేయండి. ఆ నాగరికతకు గుర్రాల బలం తక్కువ. కాకతీయులేమో మోటుపల్లి రేవు ద్వారా గుర్రాలు దిగుమతి చేసుకున్నవాళ్లు. అందుకని రౌతులను మీరే మ్యాప్ మీద పెట్టేయండి. ఢిల్లీకి హిందుస్తానీస్, వాళ్ల గులాం సైనికులు సరిగ్గా సరిపోతారు. హ్యాండ్ కానొనీర్ లాంటి తుపాకీ మందు సైనికులు మాత్రం ఎవరికీ వద్దు. 1310 ముట్టడి రాళ్లు విసిరే యంత్రాలతో జరిగింది, ట్రెబుషెట్లు చాలు.

కోట నడుమ శివాలయం, దాని నాలుగు వైపులా తోరణాలు పెట్టండి. ఖుష్ మహల్‌ని గుర్తుచేసే కట్టడం పెట్టకండి, అది కాకతీయుల తర్వాతిది.

1323 సినారియోలో పుకారు పుట్టాక కూడా దాడులు ఆగడం లేదు

ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి, ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు వల్ల చెదిరిపోయింది. మళ్లీ వచ్చిన తర్వాతే కోట పడింది. దీన్ని కట్టేటప్పుడు దాడి దళాలను దించే ట్రిగ్గర్ లూపింగ్‌లో ఉంటుంది. చాట్‌లో పుకారు మాట చూపించినంత మాత్రాన అది ఆగదు. పుకారు ట్రిగ్గర్‌లోనే డీయాక్టివేట్ ట్రిగ్గర్ ఎఫెక్ట్ పెట్టి దాన్ని ఆపండి, మిగిలిన సైన్యాన్ని దేవగిరి దారి పట్టించండి. రెండో రాకకు అదే ట్రిగ్గర్‌ని మళ్లీ ఆన్ చేయకుండా కొత్తది రాయండి, ఈసారి దళాలు పెద్దవి, విరామం తక్కువ.