మే నెలలో మబ్బు పట్టే సీసా (మూడో పాఠం)

గత పాఠంలో పాలీనైపామ్ అనే పాలిమర్ (చిన్న అణువులు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు) తయారుచేసి, గొలుసులో చేరక మిగిలిపోయిన చిన్న అణువును, అంటే మోనోమర్‌ను చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలసిస్ సంచిలో పోగొట్టాం. ఆ మోనోమర్ విషం. ఆ మెట్టు దాటవేసినవారు ముందు అది పూర్తి చేసి రండి.

ఈసారి పని ఒకటే: నీళ్లలో కలిపిన పాలీనైపామ్ ద్రావణం ఏ ఉష్ణోగ్రత దగ్గర మబ్బు పడుతుందో కొలవడం.

గుంటూరులో నాకు ఈ పాఠం నేర్పింది మే నెల. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగింది. బల్ల మీద మంచినీళ్లలా తేటగా ఉన్న సీసా కాసేపటికి పలుచని మజ్జిగలా తెల్లబడింది. చెడిపోయిందనుకుని పారబోశాను, రెండు రోజుల శ్రమ! నిజానికి గది వేడి 32 డిగ్రీలు దాటింది, అంతే. ఐసునీళ్లలో పెట్టి ఉంటే మళ్లీ తేటపడేది. ఉడికిన తెల్లసొన వెనక్కి రాదు, ఇది వస్తుంది.

చక్కెర వేడికి ఇంకా బాగా కరుగుతుంది. ఇది తిరగబడే రకం. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు గొలుసును అంటిపెట్టుకుని ఉంటాయి. వేడెక్కితే వదిలేస్తాయి. అప్పుడు గొలుసు ముడుచుకుని, పక్క గొలుసులతో కలిసి ముద్దకడుతుంది. కాంతిని చెదరగొట్టేది ఆ ముద్దలే.

ఒక శాతం ద్రావణాన్ని, దాని గుండా దాటే కాంతిని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి, 500 నానోమీటర్ల కాంతి పంపండి. నిమిషానికి ఒక డిగ్రీకి మించకుండా వేడిచేయండి. తొందరపడితే సీసాలోని ద్రవం కన్నా థర్మామీటరే ముందు పరుగెడుతుంది. దాటే కాంతి సగానికి పడిపోయిన ఉష్ణోగ్రతే మబ్బు బిందువు. నీళ్లతో ఒకసారి, సెలైన్‌తో ఒకసారి కొలవండి. ఉప్పు ఆ బిందువును కిందికి లాగుతుంది, రక్తంలోనూ ఉప్పుంది కదా.

ఈ పాలిమర్ సాయంతో క్యాన్సర్ కణితికి మందు చేరవేయాలన్నది ఆలోచన. ఇక్కడే అసలు చిక్కు. ఒంటి వేడి 37. అంటే 32 దగ్గర ముడుచుకునే పాలిమర్ రక్తంలో అడుగుపెట్టగానే ముడుచుకుంటుంది, కణితి దాకా ఆగదు. అందుకే గొలుసులో డైమిథైల్ అక్రిలమైడ్ లాంటి నీళ్లంటే ఇష్టపడే మరో మోనోమర్‌ను కలిపి, బిందువును 40 దగ్గరికి జరుపుతారు. అటువంటి గొలుసులు పైపొరగా, డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు లోపల ఉన్న అతి చిన్న రేణువు ఒంట్లో తిరుగుతూ ఉంటుంది. కణితి ఉన్న చోటును మాత్రం బయటినుంచి 42 దాకా వేడిచేస్తే పైపొర ముడుచుకుని, మందు బయటికి కారుతుంది. అయితే ఈ పాలిమర్ ఒంట్లో తేలిగ్గా విచ్ఛిన్నం కాదు. దాని సంగతి ఆరో పాఠంలో.

వచ్చే పాఠానికి మూడు సీసాలు సిద్ధం చేయండి: డైమిథైల్ అక్రిలమైడ్ 10, 20, 30 శాతం. మూడింటి మబ్బు బిందువులూ సెలైన్‌లోనే కొలిచి, గ్రాఫు కాగితం మీద గీసి ఉంచండి. ఏసీ ఉన్న గదిలోనే సుమా.