పుట్టీతో బుల్లి యోధుణ్ణి మలిచే ముందు ఇవి చూసుకోండి

ముందు గ్లోవ్స్. పచ్చి ఎపాక్సీ పుట్టీ (రెండు రంగుల ముద్దలు కలిపితే మెల్లగా గట్టిపడే పదార్థం) కొందరి చర్మానికి పడదు, ఒకసారి ఎలర్జీ మొదలైందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే, కాబట్టి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకున్నాకే పసుపు, నీలం ముద్దలు కలపండి. గ్రీన్ స్టఫ్ (ఈ పసుపు, నీలం పుట్టీ పేరే) పట్టీగా కొంటే మధ్యలో రెండు రంగులు ఆనుకునే చోట ముందే గట్టిపడి ఉంటుంది. ఆ గీతని కోసి పారేయండి, లేకపోతే బొమ్మ మొహంలో గట్టి పలుకులు తేలతాయి.

పుట్టీ కలిపాక మామూలుగా గంటన్నర టైం ఉంటుంది గానీ మన హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం ఆ లెక్క నమ్మకండి, వేడికి త్వరగా బిగుసుకుంటుంది. నేనైతే పొద్దున్నే కూర్చుంటా, అదీ శనగగింజంత కలుపుకుని.

వినాయకుడి మట్టి విగ్రహానికి లోపల కర్ర, గడ్డి కట్టినట్టే దీనికీ తీగతో అస్థిపంజరం కావాలి. బేగంబజార్ హార్డ్‌వేర్ కొట్లలో సన్నటి తీగ అడగండి. 32 మి.మీ. బొమ్మని ముందు కాగితం మీద అసలు సైజులో గీసి, తీగని దాని మీదే పెట్టి వంచండి. నేను గీయకుండా మొదలుపెడితే మా వీరుడి తల గుమ్మడికాయంత అయింది, చేతిలో గొడ్డలేమో టీ చెంచాలా ఉంది!

ఒంటికి వేసింది పూర్తిగా గట్టిపడ్డాకే కవచం. తొందరపడితే భుజం దిద్దుతూ ఛాతీ నొక్కేస్తారు.

పనిముట్లు తడిగా ఉంచండి, అంటుకోవు. కత్తి మీ వైపు లాగొద్దు. సాండ్‌పేపర్ రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి.