పాత కారు మిస్సింగ్ – 3వ పాఠం: ఏ సిలిండర్ పని చేయట్లేదో తేల్చడం

ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండక బండి కొట్టుకోవడాన్నే మిస్సింగ్ అంటాం. రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాం. బండి ఎప్పుడెప్పుడు కొట్టుకుంటుందో నోటుబుక్కులో రాసుకోమన్నాం: పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడా, వేడెక్కాకా, కాజీపేట రైల్వే బ్రిడ్జి మీద మూడో గేరులో లోడు పడ్డప్పుడా, ఏసీ వేసి చౌరస్తాలో ఆగినప్పుడా అని. ఆ పేజీ ఇప్పుడు ముందు పెట్టుకోండి.

లోడు పడ్డప్పుడే కొట్టుకుంటుంటే ముందుగా కరెంటు వైపు చూడాలి. పెడల్ తొక్కితే సిలిండర్లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు సందు దాటడానికి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజ్ కావాలి. వైరు తొడుగు చిట్లి ఉంటే ఆ కరెంటు సందు దాటే బదులు దగ్గర్లో ఉన్న ఇనుములోకి దూకేస్తుంది. స్లోలో (పెడల్ తొక్కనప్పుడు) మాత్రమే వణికి, కొంచెం రేస్ ఇవ్వగానే సాఫుగా మారిపోతే గాలి లీకునో, వాల్వును తెరిచే ట్యాపెట్ బిగుసుకోవడాన్నో అనుమానించాలి. ఎప్పుడు చూసినా ఒకే లెక్కన కొట్టుకుంటుంటే ఒక సిలిండర్ పూర్తిగా పడిపోయినట్టే.

ఈ పాఠం అయ్యేదాకా ఒక్క సామాను కూడా కొనొద్దు. మిస్సింగ్ అనగానే నాలుగు ప్లగ్గులు, వైర్ సెట్టు, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్, చివరికి పెట్రోలు చల్లే ఇంజెక్టర్ల క్లీనింగ్ అంటూ వరసగా మార్చుకుంటూ పోవడం మన దగ్గర మామూలైపోయింది. అందులో ఏదో ఒకటి తగిలి బండి బాగవుతుంది కూడా. కానీ ఏది చెడిందో చివరికీ తెలియదు, ఆర్నెల్లకు మళ్లీ మొదటికే వస్తుంది.

ముందు ఇది మిస్సింగేనా?

మారుతీ 800, ఆల్టో లాంటి మూడు సిలిండర్ల ఇంజన్ స్లోలో కొంచెం ఊగడం దాని పుట్టుకలోనే ఉంది. దానికి తోడు ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చిట్లితే స్టీరింగు, సీటు, అద్దం అన్నీ వణుకుతాయి, కానీ ఇంజన్‌లో తప్పు ఉండదు. తేడా పట్టుకోవడం తేలిక. ఆర్‌పీఎం ముల్లు 850–900 దగ్గర కదలకుండా నిలబడి, బాడీ మాత్రం వణుకుతుంటే మౌంటింగులు చూడండి. ముల్లు కూడా కిందికీ మీదికీ ఆడుతుంటే తప్పు ఇంజన్‌లోనే ఉంది. ముల్లు లేని మోడల్ అయితే సైలెన్సర్ గొట్టానికి వెనకాల జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి. బాగున్న ఇంజన్ పొగ ఎడతెగని గాలిలా తగులుతుంది. ఒక సిలిండర్ పడిపోతే మధ్యలో ఖాళీ తెలుస్తుంది. 900 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకు ఏడెనిమిది సార్లు మండుతుంది కాబట్టి ఆ ఖాళీ కూడా అంతే వేగంగా, ఒకే తాళంలో వస్తుంది. తాళం తప్పి అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తుంటే అది ఒక్క సిలిండర్ జబ్బు కాకపోవచ్చు. దాని సంగతి తర్వాతి పాఠంలో.

సిలిండర్ల లెక్క బెల్టు వైపు నుంచి మొదలవుతుంది. ఈ చిన్న కార్లలో టైమింగ్ బెల్టు లేదా చైన్ ఉన్న వైపుది ఒకటి, గేర్‌బాక్స్ పక్కది చివరిది. తెల్ల ప్లాస్టర్ ముక్కల మీద 1, 2, 3 అని రాసి వైర్లకూ ఇంజెక్టర్ కనెక్టర్లకూ ఇప్పుడే అంటించండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) మూడు సిలిండర్లకు సాధారణంగా 1-3-2, నాలుగింటికి 1-3-4-2. ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండిలో రెండు వైర్లు తారుమారైతే, లేని జబ్బు మీరే తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఒక్కో సిలిండర్ ఆపి చూడడం

పాత పద్ధతిలో ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్ వైరు పీకి చూసేవాళ్లు. ఎంపీఎఫ్‌ఐ బండిలో, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్ ఉండి కంప్యూటర్ నడిపే బండిలో, ఆ పని చేయకండి. ఆ వైరులో వేల వోల్టులు ఉంటాయి, చేతికి కొడుతుంది. దారి దొరకని కరెంటు కాయిల్‌నూ, దాన్ని నడిపే కంప్యూటర్‌నూ పాడు చేయగలదు. మూడోది చాలామందికి తట్టదు: స్పార్క్ లేని సిలిండర్లోకి పెట్రోలు పడుతూనే ఉంటుంది. అది మండకుండా సైలెన్సర్‌లోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని కరిగించేస్తుంది. మిస్సింగ్ కన్నా ఆ ఖర్చే పెద్దది.

అందుకే వైరు ముట్టుకోకుండా పెట్రోలు ఆపుతాం. ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాలి. ఏసీ, లైట్లు ఆఫ్. బండి నడపడం వచ్చిన వాళ్లను ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ లాగి, పెడల్‌ను 1200–1500 మధ్య కదలకుండా పట్టుకోమనండి. స్లోలోనే చేస్తే మూడు సిలిండర్ల బండి ఒకటి ఆపగానే ఆగిపోతుంది, ఏమీ తెలియదు. ఇప్పుడు ఒకటో ఇంజెక్టర్ కనెక్టర్ క్లిప్పు నొక్కి లాగండి. ఇంజన్ చప్పున కుంగి, శబ్దం మారితే ఆ సిలిండర్ అప్పటిదాకా పని చేస్తున్నట్టే. మళ్లీ పెట్టి, అర నిమిషం ఆగి, రెండోది లాగండి. ఏదైనా ఒక కనెక్టర్ తీసినా పెట్టినా తేడా రాకపోతే దొంగ అక్కడే ఉన్నాడు.

కనెక్టర్ తీసిన తర్వాత మొదటి మూడు నాలుగు సెకన్లే లెక్కలోకి తీసుకోండి. తర్వాత కంప్యూటర్ ఆర్‌పీఎం సర్దేయొచ్చు, తేడా లేదని మీరు మోసపోతారు. ఈ పరీక్ష తర్వాత చెక్ ఇంజన్ లైటు వెలగడం మామూలే. క్లిప్పు తీసేటప్పుడు వైరు పట్టి గుంజకండి, ప్లాస్టిక్‌నే పట్టుకోండి. పదిహేనేళ్ల బండిలో ఆ ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది.

వరి కోతల తర్వాత, చేను పక్కనో రైస్‌ మిల్లు దగ్గరో నిలబెట్టే బండ్లలో ఎలుకలు బానెట్ కింద చేరడం మనకు కొత్త కాదు. ఇంజెక్టర్ వైర్లు సన్నగా, వాటి పళ్లకు అందేంత ఎత్తులో ఉంటాయి. కనెక్టర్లు తీసే ముందు వైర్లన్నీ వేలితో తడిమి చూస్తే ఈ పాఠం ఇక్కడితోనే అయిపోవచ్చు.

కార్బురేటర్ బండికి ఇంజెక్టర్లు ఉండవు, కార్బురేటరే పెట్రోలును గాలితో కలుపుతుంది. దానికి ఇంకో దారి ఉంది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి నలభై అయిదు సెకన్లు నడవనివ్వండి. వేళ్లు నీళ్లలో ముంచి, సిలిండర్ల పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ గొట్టం మొదట్లో రెండు చుక్కలు రాల్చండి. పని చేసే సిలిండర్ దగ్గర చుయ్‌మని ఆవిరి లేస్తుంది, పడిపోయినదాని దగ్గర చుక్క అట్లే జారుతుంది. రెండు చుక్కలే సుమా. వేడెక్కిన పోత ఇనుము మీద మగ్గుతో పోస్తే పగులుతుంది. చెయ్యి తగిలించకండి, ఆడే ఫ్యాన్‌ బెల్టు దగ్గర చున్నీ, కండువా ఉంచకండి.

బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ ఉన్నవాళ్లకు పి0301, పి0302 లాంటి కోడ్లు కనబడతాయి, చివరి అంకె సిలిండర్ నంబరు. పి0300 వస్తే ఏ ఒక్కదానికీ కట్టుబడని మిస్సింగ్. కోడు చెప్పేది ఫలానా సిలిండర్ మండలేదని మాత్రమే. ప్లగ్గు పోయిందని గానీ కాయిల్ పోయిందని గానీ అది చెప్పదు. ఇంజన్ లైటు నిలకడగా కాకుండా మెరుస్తూ ఆరుతూ ఉంటే బండిని లోడులో నడపొద్దు, పైన చెప్పిన కన్వర్టర్ సంగతి అదే.

చోటు మార్చి చూడడం

సిలిండర్ తెలిసింది, రెండోది అనుకుందాం. ఇప్పుడు తప్పు ఆ సిలిండర్దా, దానికి తగిలించిన సామానుదా? రెండో దాని సామాను ఒకటోదానికి, ఒకటోదానిది రెండోదానికి పెట్టి మళ్లీ పరీక్ష చేయాలి. జబ్బు సామానుతోపాటు కదిలి ఒకటోదానికి వస్తే సామాను చెడ్డది. రెండోదాంట్లోనే ఉండిపోతే సామాను మంచిదే. ఒకసారికి ఒక్క సామానే మార్చాలి. వైరు, ప్లగ్గు రెండూ ఒకేసారి మార్చి బండి బాగైతే, ఎందుకు బాగైందో మళ్లీ తెలియదు.

మొదట కాయిల్ లేదా వైరు, ఎందుకంటే ప్లగ్ పానా అక్కర్లేదు. ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే బండిలో బోల్టు విప్పి మార్చేయొచ్చు. వైర్లున్న బండిలో పొడవులు వేరు, ఒక్కోసారి అందవు. అప్పుడు మల్టీమీటర్‌తో కొలవండి. పొడవాటి వైరుకు ఓములు కొంచెం ఎక్కువ రావడం సహజమే. మిగతావాటికి పొంతన లేకుండా ఒకటి రెట్టింపు చూపినా, అసలు రీడింగే రాకపోయినా అది పోయిందన్నమాట. ఓములు బాగున్నా తొడుగు చిట్లి ఉండొచ్చు. రాత్రి చీకట్లో, ఇంజన్ నడుస్తుండగా, స్ప్రే సీసాతో వైర్ల మీద నీటి తుంపర కొట్టి దూరం నుంచి చూడండి. నీలం నిప్పురవ్వ వైరు పక్కనుంచి ఇంజన్‌లోకి దూకితే చోటు దొరికినట్టే. ముసురు పట్టిన రోజుల్లోనే మిస్సింగ్ వచ్చి ఎండ కాయగానే పోయే బండ్లలో చాలావాటి గుట్టు ఇదే. ఒక కాయిల్ రెండు సిలిండర్లకు కరెంటు ఇచ్చే నాలుగు సిలిండర్ల బండిలో 1, 4 కలిసి గానీ 2, 3 కలిసి గానీ పడిపోతే వైర్ల కన్నా ముందు కాయిల్‌నే అనుమానించండి.

తర్వాత ప్లగ్గు. ఇంజన్ చల్లారాకే విప్పాలి, వేడి అల్యూమినియం హెడ్‌లో మర ఊడొస్తుంది. విప్పే ముందు గుంటలో ఏముందో చూడండి. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి కావచ్చు, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము కావచ్చు, మిల్లు ఊక కావచ్చు, ప్లగ్గు తీయగానే అది సిలిండర్లోకి రాలి రింగుల్ని గీరేస్తుంది. సైకిలు పంపుతో గట్టిగా ఊది, తర్వాత 16 మి.మీ. ప్లగ్ పానా వేయండి. పాత కార్బురేటర్ బండ్లకు 21 పట్టొచ్చు. గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది. ఆ ఆయిల్ ప్లగ్గు టోపీ రబ్బరును ఉబ్బించి కరెంటును దారి మళ్లిస్తుంది. ప్యాకింగ్ మార్చకుండా ప్లగ్గు మారిస్తే నెలలో మళ్లీ అదే కథ.

ప్లగ్గు కొన బిస్కెట్ రంగులో ఉంటే మంచిది. పెట్రోలు తడి ఉంటే స్పార్క్ లేదు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా స్పార్క్ బలహీనం. జిడ్డు నలుపు అయితే ఆయిల్ రింగుల నుంచో వాల్వ్ సీళ్ల నుంచో దిగుతోంది. సున్నంలా తెల్లబడి ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. తెల్ల పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత నిలువుగా కనబడితే అది కరెంటు పారిన కాలువ. దాని జంట గీత టోపీ రబ్బరు లోపల ఉంటుంది. ఒక్కటే మారిస్తే మిగిలింది కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది, రెండూ మార్చాల్సిందే.

సందును ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులు) కొలవండి. కార్బురేటర్ బండ్లకు సాధారణంగా 0.7–0.8 మి.మీ., చాలా ఎంపీఎఫ్‌ఐ ఇంజన్లకు 1.0–1.1. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే ఖాయం. అరిగి 1.4కు పోతే స్లోలో నడిచి లోడులో కొట్టుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు పానా హ్యాండిల్ లేకుండా వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే మర తప్పింది, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. వేళ్లకు ఆగాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుకు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. అదే పాత ప్లగ్గును తిరిగి పెడితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో గంటల ముల్లు ఒక్క గంట జరిగినంత చాలు.

ఇంజెక్టర్‌ను మాత్రం చోటు మార్చకండి. పెట్రోలు ప్రెషర్ దించాలి, ఓ-రింగులు కొత్తవి కావాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి ఆనించి వినండి, కుట్టుమిషన్‌లా టకటక వినిపించాలి. ఇంజన్ ఆపి ఓములు కొలవండి. చాలావాటికి 12–16 మధ్య ఉంటుంది, అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి.

ఏది మార్చినా జబ్బు కదలకపోతే

ఇక మిగిలింది కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకుని పెరిగే ఒత్తిడి. గేజ్ కొనక్కర్లేదు, తెలిసిన మెకానిక్ దగ్గర గంటసేపు అడిగి తెచ్చుకోవచ్చు. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్టర్ ఊడదీసి, పెడల్ నేలకు తొక్కిపట్టి ఒక్కో సిలిండర్‌కు అయిదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే అన్ని రీడింగులూ తక్కువే వస్తాయి, వాటిని నమ్మొద్దు. చిన్న పెట్రోల్ ఇంజన్లలో చదరపు సెంటీమీటరుకు 12–14 కిలోలు మామూలు. అంకె కన్నా తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే కిలో కన్నా ఎక్కువ తగ్గితే, ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగు లేస్తే రింగులు. లేవకపోతే వాల్వ్. పక్కపక్క రెండూ సమానంగా పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్. గ్యాస్ కిట్ మీద ఏళ్లుగా తిరిగిన బండి అయితే ముందు ట్యాపెట్ గ్యాప్ చూపించండి. వాల్వ్ సీటు అరిగి గ్యాప్ మూసుకుపోతే వాల్వ్ పూర్తిగా మూయదు. గ్యాప్ సరిచేస్తే ఒక్కోసారి హెడ్ విప్పే ఖర్చు తప్పుతుంది.

వచ్చే పాఠానికి నోటుబుక్కులో మూడు గడులు గీయండి: ఏ సిలిండర్, ఏ సామాను చోటు మార్చారు, జబ్బు కదిలిందా. అన్ని సిలిండర్లూ సమానంగా స్పందించి, అయినా స్లో నిలవని బండ్ల వాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూత తీస్తే స్లో మారుతుందా లేదా అన్నది కూడా రాసుకురండి. 4వ పాఠం గాలి లీకు, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ, ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి గాలిదారిలోకి పంపే పీసీవీ గొట్టాల మీద. అక్కడ ఆ ఒక్క జవాబుతోనే మొదలుపెడతాం.