తుపాకీ లైసెన్సు దరఖాస్తు: ఫారం నింపే ముందు చూపుడువేలికి నేర్పాల్సింది

మా తాతయ్యకు ఒక 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ ఉండేది. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో, పడమటింటి గోడకు కొయ్యమేకుకు వేలాడేది. ఒక సంక్రాంతికి మా చిన్నాన్న దాన్ని దించి, నూనెగుడ్డతో తుడుస్తూ, "ఖాళీదేరా" అంటూ ట్రిగ్గర్ నొక్కాడు. ఎదురుగా గోడకు ఆనించిన వడ్ల బస్తాకు పిడికిలంత బెజ్జం పడింది. చెవులు గింగురుమంటుంటే నాకు కనపడింది ఒకటే: ఆ బెజ్జంలోంచి వడ్లు జలజలా రాలుతూనే ఉన్నాయి. మా పిన్ని అప్పుడే ఆ బస్తా మీంచి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

తాతయ్య పోయాక ఆ తుపాకీని నా పేరుకు మార్పించుకోవడానికి నేను తిరిగిన దారే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా లైసెన్సు కావాలనుకునేవాళ్లకూ చాలావరకు ఇదే దారి. కాగితాలు ఎలాగోలా సమకూరతాయి. వేలి అలవాటు మాత్రం ఏ ఆఫీసులోనూ ఇవ్వరు. అందుకే రెండూ కలిపి చెబుతున్నాను.

ముందు ఎవరికి దరఖాస్తు పెట్టాలో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. పోలీస్ కమిషనర్ ఉన్న ప్రాంతంలో ఆ అధికారం కమిషనర్‌ది. కాబట్టి విజయవాడ కమిషనరేట్ పరిధిలో ఉండేవాళ్లు కమిషనర్ ఆఫీసుకూ, గుంటూరు, తెనాలి, మంగళగిరి వాళ్లు గుంటూరు కలెక్టరేటుకూ వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చాలామంది తడబడేది ఇక్కడే. నరసరావుపేట, సత్తెనపల్లి, మాచర్ల ఇప్పుడు పల్నాడు జిల్లా, రేపల్లె బాపట్ల జిల్లా. పాత లైసెన్సు మీద గుంటూరు ముద్ర ఉన్నా, మీరు ఇప్పుడు ఉంటున్న చిరునామా ఏ జిల్లాలోకి వస్తే అక్కడే మొదలుపెట్టండి.

వయసు 21 నిండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండొచ్చు. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

వారసులకు 2016 ఆయుధాల నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారు చనిపోయాకే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడి పేర మార్చమని అడగొచ్చు. ఇంట్లో పెద్దాయన చెయ్యి వణుకుతున్న రోజుల్లో తుపాకీ ఆయన దగ్గరే ఉండాలని పట్టుబట్టకండి, ఈ నియమం వాడుకోండి. పెద్దాయన పోయాక అయితే తుపాకీని బీరువాలో దాచి, "కర్మలు అయ్యాక చూద్దాంలే" అనుకోవద్దు. లైసెన్సుదారు లేని తుపాకీ మీ ఇంట్లో ఉందంటే అది లైసెన్సు లేని తుపాకీయే. దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోండి. మా నాన్న మూడో రోజునే వెళ్లి జమ చేసి వచ్చారు. ఆ రసీదు తర్వాత నా దరఖాస్తుకు ఎంతో పనికొచ్చింది.

ఒక్కరి కోసం దరఖాస్తు ఫారం పేరు ఎ-1. దాంతోపాటు తెల్ల వెనకతలంతో పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్, పుట్టిన తేదీకి రుజువు, చిరునామాకు రుజువు ఇవ్వాలి. పంట కాపలాకు అడిగితే భూమి, పంట వివరాలు చూపాలి. ఆత్మరక్షణకు అడిగితే ఎవరివల్ల, ఎందుకు భయమో రాయాలి. అక్కడ "సంఘ వ్యతిరేక శక్తుల నుంచి ప్రాణభయం" అని ఒక్క ముక్క రాసి ఊరుకునే దరఖాస్తులే ఎక్కువ. పొలం తగాదా ఉంటే ఉందని రాయండి, స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు ఉంటే దాని నకలు జతచేయండి. దాచిన తగాదా పోలీసు విచారణలో ఎలాగూ బయటికొస్తుంది.

వీటితోపాటు మూడు ఎస్ ఫారాలుంటాయి. ఎస్-1 అంటే ఆయుధ భద్రత శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్. ఎస్-2 అంటే తుపాకీని భద్రంగా ఉంచుతానని మీరిచ్చే హామీ. ఎస్-3 అంటే ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం బాగున్నాయని డాక్టర్ ఇచ్చేది. ఏ డాక్టర్ సంతకం, ఏ సంస్థ ఇచ్చిన ఎస్-1 చెల్లుతుందో లైసెన్సింగ్ సెక్షన్లో ముందే అడగండి. నేను అడగకుండా చేయించుకున్నందుకు ఎస్-3 కోసం రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

దరఖాస్తు అందాక అది మీ పరిధిలోని పోలీస్ స్టేషనుకు వెళ్తుంది. స్టేషన్ రిపోర్టు 30 రోజుల్లో రావాలనీ, ఆ రిపోర్టు అందాక 60 రోజుల్లో లైసెన్సింగ్ అధికారి తేల్చాలనీ నియమాలు చెబుతున్నాయి. లైసెన్సు వస్తే మీ వివరాలు జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేసులోకి ఎక్కి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య వస్తుంది. ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. మీరు అడిగితే ఆ కారణం చెప్పాలి, ప్రజాహితానికి భంగమనుకుంటే తప్ప. అప్పీలు చేసుకునే హక్కు కూడా చట్టంలో ఉంది. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో మాత్రం తిరస్కరించకూడదు. ఎకరం పొలం ఉన్న రైతుకు ఈ మాట తెలియాలి.

రైతులకు ఇంకో మాట. పంట కాపలాకు లైసెన్సు వచ్చినంత మాత్రాన జంతువును చంపే అనుమతి వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేటకు నిషేధం ఉంది. అడవి పంది అయినా సరే అటవీశాఖ అనుమతి వేరుగా ఉండాలి. వన్యప్రాణి అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవి అంచున మాచర్ల వైపు ఉండే ఊళ్లవాళ్లు ఇది చూసుకునే దరఖాస్తు పెట్టాలి. నాటు తుపాకీ సంగతి ఎవరైనా చెవిలో ఊదితే దాని జోలికి పోకండి. జైలు సంగతి అలా ఉంచితే, ఆ గొట్టం ఎప్పుడు మొహం మీద పేలుతుందో దాన్ని చేసినవాడికే తెలియదు.

ఇప్పుడు ఎస్-1 దగ్గరికి వద్దాం. దీన్ని చాలామంది ఒక కాగితంగానే చూస్తారు. ఒక్క పూట కూర్చుని సంతకం పెట్టించుకొస్తారు. నన్నడిగితే దరఖాస్తు మొత్తంలో మీ పిల్లల్ని కాపాడే కాగితం ఇదొక్కటే.

ట్రిగ్గర్ లోపల ఏముంటుందో నాకు శిక్షణ ఇచ్చే కాల్పుల రేంజిలో విప్పి చూపించారు. బోల్ట్ రైఫిల్లో బోల్ట్‌ను, అంటే గొట్టాన్ని వెనక నుంచి మూసే గడియను, ఎత్తి, లాగి, మూసేటప్పుడు తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్ వెనక ఉన్న బలమైన స్ప్రింగు నొక్కుకుంటుంది. దాన్ని ఆపి ఉంచేది ఒక చిన్న ఉక్కు గడప, పేరు సియర్. ఆ గడప అంచు పట్టు గోటి అంచంత ఉంటుంది. ట్రిగ్గర్ చేసే పనల్లా ఆ అంచును పక్కకు జరపడమే. అంత బలమైన స్ప్రింగు అంత సన్నని పట్టు మీద నిలబడి ఉందని కళ్లారా చూశాక, ఊరికే ట్రిగ్గర్ మీద వేలు ఆనించాలంటే నా చెయ్యి ఒప్పుకోలేదు.

మా తాతయ్యది బయటికి హ్యామర్లు, అంటే తూటాను పేల్చే సుత్తులు, కనపడని తుపాకీ. ఆ రకంలో గొట్టాలు విరిచి (మడత దగ్గర కిందికి వంచి తెరిచి) మూసినప్పుడల్లా లోపలి హ్యామర్లు రెండూ ఎక్కి కూర్చుంటాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. బొటనవేలి కింద ఉండే సేఫ్టీ మీట చాలా తుపాకుల్లో ట్రిగ్గర్లను మాత్రమే బిగిస్తుంది, హ్యామర్లను కాదు. అంటే సేఫ్టీ వేసి ఉన్నా, తుపాకీ గట్టిగా కింద పడితే అరిగిన సియర్ జారి పేలొచ్చు. సేఫ్టీ కూడా ఒక యంత్రం ముక్కే. మన కోస్తా ఉక్కపోతలో పాత నూనె గడ్డకట్టి, దుమ్ము పట్టి అదీ మొరాయిస్తుంది. సేఫ్టీ వేశాంలెమ్మని గొట్టం ఎటు పడితే అటు తిప్పేవాడి పక్కన నిలబడకండి.

వేలు ఎక్కడ ఉండాలి? ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, అంటే ట్రిగ్గర్ గార్డు బయట, తుపాకీ కొయ్య పక్కన, సూటిగా చాపి. గురి కుదిరి, కాల్చాలని మనసులో తేల్చుకున్నాకే లోపలికి రావాలి. ఇది ఎందుకంటే, కాలు జారినా, కుక్క మొరిగి ఉలిక్కిపడినా, ఎడమచేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకున్నా, కుడిచేతి వేళ్లు మనకు తెలియకుండానే ముడుచుకుంటాయి. మిరపచేలో గట్టు దాటేటప్పుడు ఒక్కసారి గమనించుకోండి, పిడికిలి దానంతటదే బిగుస్తుంది. ఆ క్షణంలో వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. గట్టు, కంచె, కాలవ ఏది దాటాలన్నా ముందు తూటాలు తీసేయాలి.

వేలి అలవాటు ఇంట్లో వట్టి చేత్తోనే మొదలుపెట్టొచ్చు. నేను కుళాయి గొట్టం పట్టుకున్నా, డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకున్నా చూపుడువేలు చాపి ఉంచడం నేర్చుకున్నాను. రెండు నెలలకు అది ఆలోచించకుండానే వచ్చింది.

తుపాకీ ఖాళీ చేయడానికీ ఒక వరస ఉంది. రైఫిల్లో అయితే ముందు మేగజైన్, అంటే తూటాల పెట్టె, తీయాలి, తర్వాత బోల్ట్ తెరవాలి. వరస తప్పి, ముందు బోల్ట్ ఆడించి తర్వాత మేగజైన్ తీస్తే, కింది నుంచి ఇంకో తూటా చాంబర్లోకి, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోటికి, ఎక్కి కూర్చుంటుంది. చేతిలో మేగజైన్ ఉంది కదా, ఇక ఖాళీయే అనుకుంటాం. ఇలాంటి "ఖాళీ" తుపాకులే మనుషుల్ని చంపేది. తెరిచాక కంటితో చూసి, చిటికెనవేలు చాంబర్లో పెట్టి తడిమి చూడాలి. చీకట్లో కన్ను మోసం చేస్తుంది, వేలు చేయదు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే వెంటనే తెరవకండి. గొట్టం సురక్షితమైన వైపే పెట్టి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

గురి వెనక ఏముందో చూడటం మన నేల మీద ఇంకా ముఖ్యం. గుంటూరు, కృష్ణా డెల్టా అంతా అరచేయిలా చదునుగా ఉంటుంది. గుండును ఆపడానికి కొండ ఉండదు. చిన్నదనుకునే పాయింట్ 22 గుండు కూడా ఒకటిన్నర మైళ్ల దాకా పోగలదు. పంటకాలవ నీళ్ల మీద తగిలితే రాయిలా ఎగిరి పక్కకు పోతుంది. చేను అవతల కూలీలు మిరపకాయలు కోస్తున్నారో లేదో మీకు కనపడకపోతే, ఆ దిక్కున గొట్టం ఎత్తకూడదు.

ఇక ఎస్-2లో మీరిచ్చే మాట. తుపాకీ ఒకచోట తాళంలో, తూటాలు ఇంకోచోట తాళంలో ఉండాలి. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియకూడదు. కొయ్యమేకు రోజులు పోయాయి. ఇంకో మాట మనసులోంచి చెబుతున్నాను. ఇంట్లో ఎవరైనా అప్పులతోనో, దిగులుతోనో కుంగిపోయి ఉంటే, ఆ తుపాకీని కొన్నాళ్లు స్టేషన్లోనో డీలర్ దగ్గరో జమ చేయండి. దానికి చట్టంలో చోటుంది, అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

లైసెన్సు వెనక అచ్చేసిన షరతులు చదవండి. జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, సభలకు, బడుల ప్రాంగణాలకు తుపాకీ తీసుకెళ్లకూడదు. అంటే కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలతోపాటు తుపాకీ రాకూడదు. పెళ్లిలో సరదాకు గాలిలోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలప్పుడు జమ చేయమని స్టేషన్ నుంచి కబురొస్తే ఆలస్యం చేయకండి. రెన్యువల్‌కు గడువు తీరే ముందు రోజు దాకా ఆగకుండా రెండు నెలల ముందే కదలండి.

నా లైసెన్సు వచ్చాక జమ చేసిన తుపాకీ విడిపించుకోవడానికి స్టేషనుకు వెళ్లాను. కానిస్టేబుల్ లోపల్నుంచి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎస్సై గారు "తీసుకోండి" అన్నారు. నేను గొట్టాలు నేలవైపు ఉండేలా పట్టుకుని, వేలు కొయ్య మీద చాపి, తుపాకీ విరిచి, రెండు చాంబర్లలోనూ చిటికెనవేలు పెట్టి చూసి, అలా తెరిచి ఉంచే ఆయనకు అందించాను. ఆయన కూడా చిటికెనవేలితో తడిమి చూసి, నంబర్ రాసుకున్నారు.