పని వరుసను బట్టి విడదీసిన సాఫ్ట్‌వేర్‌ను సరిచేసిన విధం

నా చేతికి వచ్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పైకి చక్కగా విభజించినట్టే ఉండేది: బిల్లు రికార్డులను చదివే మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లోని ఒక విడి భాగం), లెక్కకట్టే మాడ్యూల్, ముద్రించే మాడ్యూల్, అంటే పని జరిగే వరుసే దాని విభజన. అయితే తేదీలో సంవత్సరాన్ని ముందుకు తేవలసి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. ప్రతి మాడ్యూలూ తేదీలోని మొదటి రెండు అంకెలను తానే విడదీసుకొని రోజుగా భావిస్తున్నందువల్ల, 2024లోని 20 కాస్తా ఇరవయ్యో తారీఖుగా అచ్చయింది.

మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్‌లో దాచాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే ప్రతిపాదించారు. ఆ ప్రకారం రికార్డు రూపాన్ని, అంటే బిల్లు వివరాలు ఏ వరుసలో, ఏ తీరులో ఉంటాయన్న సంగతిని, ఒకే మాడ్యూల్‌కు పరిమితం చేసి, మిగిలినవి బిల్లు తేదీని దానినే అడిగి తెలుసుకునేటట్లు మార్చాను.

మైక్రోసర్వీసులుగా, అంటే నెట్‌వర్క్ ద్వారా మాట్లాడుకునే చిన్న చిన్న విడి ప్రోగ్రాములుగా, విడగొడదామన్న సూచనా వచ్చింది. వేర్వేరు బృందాలు వేర్వేరు వేళల్లో విడుదల చేసే చోట అది మంచి మార్గమే గానీ, ప్రోగ్రామ్ లోపల ఒక మాడ్యూల్ మరొకదానికి చేసే పిలుపు నెట్‌వర్క్ మీదికి వెళ్ళడంతో జాప్యం, సగంలో ఆగిన పనులు వంటి కొత్త చిక్కులు తోడవుతాయి. పైగా రికార్డు రూపం అన్ని సర్వీసులకూ తెలిసే ఉంటే, విడదీసినా అవన్నీ కలిసే మారాలి. అందువల్ల ఒకే ప్రోగ్రామ్‌గా ఉంచి, ఇతర మాడ్యూళ్ళు రికార్డు మాడ్యూల్ లోపలి కోడ్‌ను నేరుగా వాడుకుంటే బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను తయారుచేసే దశ) ఆగిపోయే తనిఖీ పెట్టాను. నోటిమాటగా పెట్టుకున్న నియమాలు గడువు దగ్గరపడేసరికి గాలికి పోతాయి కదా! తరువాత నిల్వను టెక్స్ట్ ఫైళ్ళ నుంచి డేటాబేస్‌కు మార్చినప్పుడు ముద్రణ మాడ్యూల్‌ను తాకవలసిన అవసరమే రాలేదు.