గోదావరి జిల్లాల్లో ఉండి నర్సింగ్ అసిస్టెంట్ అవ్వాలంటే ఏం చేయాలి?

మన డెల్టాలో ఏ ఊరికెళ్లినా పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడి, పెద్దవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయిన ఇళ్లు కనిపిస్తాయి. వాళ్లలో ఒకరికి పక్షవాతం వచ్చి మంచాన పడితే, చూసుకోవడానికి మనిషి దొరకొచ్చేమో గానీ పని తెలిసిన మనిషి దొరకడం చాలా కష్టం. కాబట్టి పదో తరగతితో చదువు ఆగిపోయిందని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఈ పని గురించి గట్టిగా ఆలోచించండి.

ముందు పేర్ల సంగతి. అమెరికాలో దీన్ని సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, సీఎన్ఏ అంటారు. మన దగ్గర ఇదే తరహా పనికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అంటే జీడీఏ అనే కోర్సు ఉంది, ఇళ్లలో రోగుల్ని చూసుకునేవాళ్లకి హోమ్ హెల్త్ ఎయిడ్ అని ఇంకొకటి ఉంది. రెండూ హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పాఠ్యప్రణాళిక ప్రకారం నడుస్తాయి. ఇవి చదివితే నర్సు అయిపోరు. నర్సు కావాలంటే రెండేళ్ల ఏఎన్ఎం, మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ దారులు వేరే ఉన్నాయి. "మా దగ్గర ఆర్నెల్లు చేస్తే నర్సు అయిపోతారు" అని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎక్కడ చేరాలి?

జీడీఏకి సాధారణంగా పదో తరగతి పాసైతే చాలు. డబ్బు కట్టే స్తోమత లేనివాళ్లు ముందు ప్రభుత్వ పథకాల గురించి అడగండి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో పల్లెటూళ్లలోని పేద కుటుంబాల పిల్లలకి 15 నుంచి 35 ఏళ్ల వరకు, ఆడవాళ్లకైతే 45 దాకా, శిక్షణ ఉచితం. మన రాష్ట్రంలో దాన్ని సీడాప్ సంస్థ చూస్తుంది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా శిక్షణలు నడుపుతుంది. అన్ని కోర్సులూ అన్ని వేళలా ఉండవు, కాబట్టి కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు, రాజమండ్రి, మీకు ఏది దగ్గరైతే ఆ ఊళ్లో ఇప్పుడు ఏ బ్యాచ్ మొదలవుతోందో స్వయంగా వెళ్లి కనుక్కోండి. లంక గ్రామాల వాళ్లు హాస్టల్ ఉన్న సెంటర్ చూసుకోవడం మంచిది. జూలై, ఆగస్టుల్లో వరద వస్తే రేవు దాటడం కుదరదు, హాజరు పోతుంది.

ప్రైవేటు సెంటర్ అయితే ఒక్క రూపాయి కట్టే ముందు మూడు సంగతులు అడగండి. సర్టిఫికెట్ కౌన్సిల్ పేరు మీద వస్తుందా, సెంటర్ సొంత కాగితం మీద వస్తుందా? పరీక్ష పెట్టేది బయటి అసెస్సరేనా? అన్నిటికంటే ముఖ్యం, ఏ ఆసుపత్రిలో, ఏ వార్డుల్లో, ఎన్ని వారాలు ప్రాక్టీస్ చేయిస్తారు? ఈ మూడో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే చేరొద్దు. ఎందుకంటే ఈ పని చేతులకి రావాలి, పుస్తకం చదివితే రాదు. బొమ్మ మీద బెడ్ బాత్ నేర్చుకున్న మనిషికి, నొప్పితో మూలుగుతున్న తాతగారి ఒళ్లు తుడవాల్సి వస్తే చేతులు వణుకుతాయి.

చేరగానే హెపటైటిస్-బి టీకా సంగతి తేల్చుకోండి. మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. దీన్ని వాయిదా వేయొద్దు.

అసలు నేర్చుకోవాల్సింది

చేతులు కడుక్కోవడంతో మొదలు. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30, రోగిని ముట్టుకునే ముందూ, ముట్టుకున్నాకా. తర్వాత బీపీ, పల్స్, జ్వరం, ఊపిరి చూసి రాయడం. పెద్దవాళ్లకి పల్స్ నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20 మధ్య ఉండాలని గుర్తుంటే తేడా వచ్చినప్పుడు వెంటనే సిస్టర్‌కి చెప్పగలరు. చూసిన అంకెనే రాయండి, నిన్నటిది చూసి దించేయకండి. దాన్ని నమ్మే డాక్టర్ మందు మారుస్తారు.

మంచాన ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం ఈ వృత్తిలో అన్నిటికన్నా విలువైన పని అని నా అభిప్రాయం. తిప్పకపోతే నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద పడక పుండ్లు వస్తాయి, మన ఉక్కపోతకి చెమట కూడా తోడైతే ఇంకా త్వరగా వస్తాయి. తిప్పినప్పుడల్లా ఆ చోట్లు చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలాక కూడా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దకుండా వెంటనే చెప్పాలి. పైకి జరపాల్సి వస్తే చంకల్లో చేతులు పెట్టి లాగకండి, కింద అడ్డంగా వేసిన దుప్పటి పట్టుకుని ఇద్దరు కలిసి ఎత్తి జరపండి, అప్పుడు వాళ్ల చర్మం ఒరుసుకోదు, మీ నడుమూ పట్టేయదు.

పక్షవాతం వచ్చినవాళ్లకి చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. అన్నం పెట్టాలంటే నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, బాగున్న బుగ్గ వైపు చిన్న చిన్న ముద్దలు పెట్టాలి. పల్చటి జావ, మంచినీళ్లే ఎక్కువగా పొలమారుతుంటాయి, అందుకని ఎంత చిక్కగా ఇవ్వాలో సిస్టర్‌ని అడిగి ఇవ్వండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, అలాగని నేలకి తగలకూడదు. చెత్త విషయంలో రంగులు తప్పొద్దు: రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలో, సెలైన్ పైపుల్లాంటి వాడేసిన ప్లాస్టిక్ ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో.

ఇక రోగితో మాట్లాడే తీరు. "మామ్మగారూ, ఇటు తిప్పుతానండీ, కాస్త చల్లగా తగులుతుంది" అని చెప్పి ముట్టుకోవడం వేరు, ఏమీ చెప్పకుండా దుప్పటి లాగేయడం వేరు. తెర వేయడం, ఒళ్లు తుడిచేటప్పుడు తుడిచే భాగం వరకే బట్ట తీయడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. మాట పడిపోయినవాళ్లకి కూడా సిగ్గు ఉంటుంది.

పరీక్షలో రాత కంటే ప్రాక్టికల్ దగ్గరే చాలామందికి టెన్షన్. ప్రతి పనిలో మొదట చేతులు కడుక్కుని, రోగికి చెప్పి, వీల్‌చెయిర్ బ్రేకులు వేసి మొదలుపెట్టే అలవాటుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

తర్వాత అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అక్కడ ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ, అందులో 16 గంటలు పర్యవేక్షణలో చేసే ప్రాక్టికల్ ఉండాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. పరీక్ష పాసయ్యాక ఆ రాష్ట్రం రిజిస్ట్రీలో పేరు ఎక్కుతుంది. ఇక్కడి జీడీఏ సర్టిఫికెట్ చూపిస్తే ఎక్కదు. ఇక్కడ వచ్చిన చేతిపని మాత్రం అక్కడా పనికొస్తుంది.

ఉద్యోగం మొదట కనీసం ఒక ఏడాది ఆసుపత్రి వార్డులో చేయండి, ఆ తర్వాతే ఇళ్లకి వెళ్లండి. వార్డులో సందేహం వస్తే అడగడానికి సిస్టర్ ఉంటారు, ఇంట్లో అర్ధరాత్రి మీరొక్కరే. ఇంటి డ్యూటీ ఒప్పుకునేటప్పుడు ఎన్ని గంటలు, రాత్రి నిద్ర ఎంతసేపు, వారానికి సెలవు ఎప్పుడు, జీతం ఏ తారీకున అన్నది కాగితం మీద రాయించుకోండి. వంటా, అంట్లూ మీ పనిలోకి రావని మొదటే మర్యాదగా చెప్పేయండి. డాక్టర్ ఫోన్ నంబరు, మందుల చీటీ చేతికి వచ్చాకే డ్యూటీ ఎక్కండి. ఇంజెక్షన్ చేయమనీ, సెలైన్ పెట్టమనీ ఇంట్లోవాళ్లు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి, దానికి ఊళ్లో ఉన్న ఏఎన్ఎంనో నర్సునో పిలిపించమని చెప్పండి.